మూడో అధ్యాయంలో పాలేరు

రాజమండ్రిలో అద్దె పుస్తకాల షాపు దగ్గర పరిచయమైన ఆ పెద్దాయన కోర్టులో బెంచి గుమాస్తాగా రిటైరయ్యారు. కోర్టు నవలలు తప్ప ఇంకేవీ చదివేవారు కాదు. ఎవరు నవల తిరిగివ్వడానికొచ్చినా కళ్ళజోడు పైకి తోసి, "అందరినీ వదిలేశారా?" అని అడిగేవారు. ఆ అడిగే తీరు చూస్తే జైలు తాళాలు మన దగ్గరే ఉన్నట్టుండేది.

ఒకసారి నేను నవల తిరిగిస్తూ, హీరో నిర్దోషిగా ఎలా బయటపడ్డాడో ఉత్సాహంగా చెప్పాను.

"మరి పాలేరో?" అన్నారు.

"ఏ పాలేరండి?"

"మూడో అధ్యాయంలో అనుమానం మీద లాకప్పులో వేశారు కదండీ. ఇంకా అక్కడే ఉన్నాడు."

పేజీలు తిరగేశాను. నిజమే. రాసినాయన వాణ్ణి మరిచిపోయాడు. చదివిన నేనూ మరిచిపోయాను.

ఆయన జేబులోంచి పెన్సిలు తీసి, 'సమాప్తం' కింద గుండ్రటి దస్తూరీతో రాశారు: "పాలేరును తక్షణమే విడుదల చేయవలెను."

షాపాయన విసుక్కున్నాడు. "పుస్తకం పాడుచేయకండి గుమాస్తా గారూ. కథేగా."

"కథ కాబట్టే రాయగలిగానండి," అన్నారాయన, పెన్సిలు జేబులో పెట్టుకుంటూ. "కోర్టులో ఉన్నన్నాళ్ళూ జడ్జీలు చెప్పిందే రాశాను."