మూడో బటన్

కారు అమ్మేముందు దాని రేడియో తీయించుకున్నాను. గొప్ప రేడియో ఏమీ కాదు. కానీ దాని మొదటి మూడు బటన్లకు స్టేషన్లు పెట్టింది నా భార్య. ఆమె పోయాక కూడా అవి ఆమె పెట్టినట్టే ఉండాలని నా కోరిక.

రెండేళ్లపాటు వారానికి మూడుసార్లు ఆమె డయాలిసిస్ కోసం గోదావరిఖని నుంచి కరీంనగర్ వెళ్లొచ్చాం. దారి పొడవునా ఒకే స్టేషన్ అందదు. ఊళ్లో ఉన్నంతసేపు మొదటి బటన్. పెద్దపల్లి దాటాక రెండోది. సుల్తానాబాద్ దాటాక మూడోది. ఆమె ఎప్పుడూ కాస్త ముందే నొక్కేది. గర్రుమని మోత వచ్చేది. తీసెయ్యమంటే "వస్తది, ఆగుండ్రి" అనేది. కొంచెం దూరం పోగానే వచ్చేది. మూడోది స్పష్టంగా వినబడగానే సౌండు తగ్గించి, చెదిరిన జుట్టు సర్దుకునేది. దవాఖాన దగ్గరపడిందన్నమాట. తిరిగి వచ్చేటప్పుడు నిద్రపోయేది. అప్పుడు రేడియో పెట్టేవాళ్లం కాదు.

కరెంటు పూర్తిగా తెగితే ఆ స్టేషన్లు చెరిగిపోతాయని మెకానిక్ చెప్పాడు. వెనకున్న పసుపు వైరుకు ఎప్పుడూ బ్యాటరీ తగిలే ఉండాలట.

"గవన్నీ ఎందుకు కాకా? ఇంటికి పోయినంక మల్ల పెట్టుకోరాదు? రెండు నిమిషాల పని."

"వద్దు. ఉన్నయి ఉన్నట్టే ఉండాలె."

"ఏం షోకే నీది!" అని నవ్వి, ఒక బైకు బ్యాటరీని ఆ వైరుకు తగిలించాడు. ఆ తర్వాతే రేడియోను కారునుంచి విడదీశాడు. రెండింటినీ నా ఒళ్లో పెట్టి, ఆటోలో తనూ పక్కన కూర్చున్నాడు. "పైలం కాకా. ఐసీయూ పేషెంటును తీస్కపోతున్నట్టే. వైరు ఊడిందనుకో, ఖతం."

నేను వైరును వేలితో అదిమి పట్టుకున్నాను.

ఇంట్లోకి రాగానే గోడలు చూశాడు. "చిన్నమ్మను పిలువు. ఏడ పెట్టాల్నో ఆమెనే చెప్తది."

"లేదు" అన్నాను. "మొన్న వానకాలంల పోయింది."

అతను మళ్లీ హాస్యమాడలేదు. బైకు బ్యాటరీని తీయకముందే పసుపు వైరును ఇన్వర్టర్ బ్యాటరీకి కలిపాడు. ఏరియల్ తీగను కిటికీ చువ్వకు చుట్టాడు. నీళ్లు పోయడం మానేసిన కుండ ఒకటి ఉంటే, దాని మూతిమీద కారులోంచి తీసి తెచ్చిన స్పీకరును బోర్లించాడు. మొదటి బటన్ నొక్కగానే పాట వచ్చింది, కారులోకన్నా నిండుగా. "పోనీ కాకా, ఒక తోడు" అని చెప్పి వెళ్లిపోయాడు.

అతను వెళ్లాక రెండోది నొక్కాను. మోత. మూడోది నొక్కాను. అదే మోత. వైర్లన్నీ చూశాను. రేడియో అద్దంలో ఆమె పెట్టిన స్టేషన్ల అంకెలే కనబడుతున్నాయి. ఏదీ చెరిగిపోలేదు. ఆ స్టేషన్లు ఇక్కడికి అందవు, అంతే. అన్నిసార్లు ఆ దారిన కారు నడిపినవాణ్ణి, ఈ సంగతి నాకు తెలియనిది కాదు. వైరు గురించే ఆలోచించాను, దూరం గురించి ఆలోచించలేదు.

తర్వాత బజార్లో కనబడి మెకానిక్ అడిగాడు: "ఎట్లున్నది కాకా? మూడూ ఉన్నయా?"

"ఉన్నయి" అన్నాను.

వాటి స్థానంలో ఇక్కడ అందేవి పెట్టుకోవచ్చు. రెండు నిమిషాల పనే. పెట్టలేదు. సాయంత్రాలు మూడోది నొక్కి, సౌండు తగ్గించి కూర్చుంటాను. కుండలోంచి మోత వస్తుంది. కాసేపు ఆగుతాను. తర్వాత మొదటి బటన్ నొక్కి, బియ్యం కడగడానికి లేస్తాను.