విప్పని పేజీ

1961. నెల్లూరులో మా ప్రెస్సంటే ఒక గది, ఒక తొక్కుడు మిషను. మా తాతగారి హయాంలో కవులు సన్మానాల కోసం మా వాకిట్లో కాచుకునేవారు. ఆస్తులన్నీ పోయాక ఆ ఇంటి వారసుడినైన నేను కవుల ప్రూఫుల కోసం కాచుకునేవాణ్ణి. అయినా ఇస్త్రీ చొక్కా లేకుండా ప్రెస్సులో అడుగుపెట్టలేదు.

ఆ ఏడు బోగోలు నుంచి చెంచురామయ్య మాస్టరు స్మృతి పద్యాలు తెచ్చారు. ఆయన బాల్యమిత్రుడు పోలయ్య చేపల వేటకెళ్లి సముద్రంలో పోయాడు. సంవత్సరీకం నాటికి పుస్తకం అతని తల్లి చేతిలో పెట్టాలి. చదువు రాని ఆవిడ, కొడుకు పేరు అచ్చులో తడిమి చూసుకుంటానందట.

ప్రూఫంటే అచ్చుకు ముందు తప్పులు దిద్దడానికి తీసే ప్రతి. మాస్టరు తప్పుల జోలికి పోరు, పద్యమే మార్చేస్తారు. చివరి పేజీలో పోలయ్య ముత్యాల నవ్వు వెన్నెల నవ్వయింది. మళ్లీ ముత్యాలకొచ్చింది. అదీ కొట్టేశారు.

“వాడి ముందరి పన్ను విరిగుండ్లా సార్? ముత్యాలంటే వాడే ఎగతాళి చేస్తాడు.”

“అయితే విరిగిన పన్ననే రాయండి!”

“గణం కుదరటంల్యా.”

మా దగ్గర సీసపు అక్షరాలు కొద్ది. అచ్చయిన పేజీలు విప్పి, అక్షరాలు అరల్లోకి చేరిస్తేనే ఇంకో పని మొదలవుతుంది. దాన్నే డిస్ట్రిబ్యూషన్ అంటాం. పెళ్లి పత్రికలవాళ్లు వచ్చి తిట్టిపోతున్నారు.

“ఏందయ్యా ఇది! ఆ పోలయ్య మన అచ్చరాలన్నీ వల్లో ఏసుకోని కూర్చున్నాడు” అన్నాడు అక్షరాలు పేర్చే కంపోజిటర్ మస్తాన్.

సంవత్సరీకం దగ్గరపడింది. ఆఖరి ప్రూఫు ముందుపెట్టి, ఇక అచ్చు వేయొచ్చని సంతకం చేయమని కలం ఇచ్చాను. మాస్టరు చేయలేదు.

“చేస్తే పేజీ విప్పేస్తారు గదా సార్. ఇంక వాడి కోసం నేను చేసేదానికి ఏముంటాది?”

నాకు ఒళ్లు మండింది. “ఆ తల్లికి ఏం చెబుతారు? నవ్వు కుదరలేదనా?”

ఆయన కలం బల్ల మీద పెట్టేశారు.

“ఆ చివరి పేజీ దారం కట్టి అట్లాగే ఉంచుతాను. ఎప్పుడైనా వచ్చి దిద్దుకోండి. మా ఇంట్లో మాట తప్పినవాడు లేడు. సంతకం పెట్టండి!”

పెట్టారు. సంవత్సరీకం నాడు ఆ తల్లి కొడుకు పేరు మీద వేలు పెట్టి తీయలేదట.

విప్పకుండా ఉంచిన పేజీని స్టాండింగ్ మ్యాటర్ అంటాం. మళ్లీ మళ్లీ అచ్చయ్యే పుస్తకాలకే ఆ మర్యాద. మాస్టరు మాత్రం ఏటా వచ్చి, పోలయ్య నవ్వు మార్చి, ఒకే ఒక్క ప్రతి తీయించుకుని బస్సెక్కేవారు.

ఆఖరి ప్రూఫు మిషనుకే గాని మనిషికి ఉండదని ఆయన వల్ల తెలిసింది. తెలిసినా విసుగు తగ్గలేదు. అరవై తొమ్మిదిలో కూడా అక్షరాలు చాలక పెళ్లి పత్రికలు ఆగినప్పుడల్లా మస్తాన్ ఆ దారం ముడి మీద చెయ్యి వేసేవాడు.

“తియ్యి చెయ్యి” అనేవాణ్ణి.