తమ్ముడి కాలేయం కోసం హనుమకొండకు

ఉదయం ఆరున్నరకు తొర్రూరులో హనుమకొండ బస్సెక్కాం, నేనూ మా తమ్ముడు రాజయ్యా. స్కానింగ్‌కు పరగడుపున రమ్మన్నారు. ఈ పని మీద వెళ్లేవాళ్లు ఆ మాట మరిచిపోకండి, చాయ్ తాగి వెళ్తే ఆ పూట పోయినట్టే. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ నాకు కొట్టారు. వాడు తన టికెట్ జేబులో పెట్టుకుని కిటికీ పక్కన కూలబడ్డాడు. కళ్లు పచ్చబడ్డాయి, కాళ్లు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. వాడు సెంట్రింగు మేస్త్రీ. ఊళ్లో సగం స్లాబులు వాడు కర్రలు నిలబెట్టి పోయించినవే.

రాయపర్తిలో ఎక్కినామె వాణ్ణి చూసి ఊరుకోలేకపోయింది. "ఏమైందక్కా, తాగుతాండా?"

"తాగుతుండె. బంద్ వెట్టిండు."

"మాల వేయించరాదు? మా ఆయన ఏటా వేస్తాండు. నలభై దినాలల్ల లివర్ కొత్తగయితదంట."

"నేను ఏడు మాలలు వేసిన అక్కా," అని తమ్ముడు నవ్వాడు.

మాకూ అదే ధీమా ఉండేది. మండలం పాటు నల్లబట్టలు, చన్నీళ్ల స్నానాలు. ఒక్క చుక్క ముట్టేవాడు కాదు, ముఖం తేటపడేది. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన వారానికే మళ్లీ మొదలు. "లివర్ పెరుగుతది తియ్" అని వాడంటే ఇంటిల్లిపాదీ తలూపాం. కాలేయం కోసినా పెరుగుతుందన్నది అబద్ధం కాదు, మాకు తెలిసింది సగమే.

హనుమకొండలో దిగి, ఆటోలో సుబేదారిలోని ఆసుపత్రికి చేరాం. స్కానింగ్ అయ్యాక ఇడ్లీ తెప్పిస్తే వాడు ఒక్కటి తిని ప్లేటు జరిపేశాడు. పదకొండింటికి డాక్టరు పిలిచారు. మేస్త్రీ అని తెలిసి వాడి పని మాటల్లోనే చెప్పారు.

"లివర్ల పనిచేసే కణాల సందులల్ల సాయం చేసే కణాలు ఉంటయి. మామూలుగ ఊకెనే ఉంటయి. దెబ్బ తగిలితే లేస్తయి. పనిచేసే కణాలను పెరగమంటయి, అవి నిలబడేదాక పోగులు అల్లి పట్టుకుంటయి, నీ సెంట్రింగు లెక్క. స్లాబు గట్టిపడ్డంక కర్రలు తీయాలె గద? నువ్వు తీయనియ్యలే. తాగినకొద్దీ కొత్త కర్రలే. ఇప్పుడు పెరుగుదామన్నా లోపల జాగ లేదు."

"ఏటా నలభై దినాలు మానిన గద సార్?"

"అవి కర్రలు తీసుడు షురూ జేసేసరికే నువ్వు మాల తీసినవ్."

పూర్తిగా మానితే కొంత మెత్తబడవచ్చు కానీ మునుపటిలా కాదన్నారు. ఆర్నెల్లు చూసి, కుదరకపోతే ఇంకొకరి కాలేయం ముక్క పెట్టాలన్నారు. నాది తీసుకోండన్నాను.

"మీది మళ్లీ పెరుగుతదమ్మా. కానీ ఈయన తాగితే ఇచ్చింది కూడ పోతది."

తమ్ముడు రిపోర్టులు కవర్లో పెట్టుకుని లేచాడు.

ఒంటిగంట బస్సుకు తిరుగు ప్రయాణం. సీట్లు దొరికాయి, ఎండ మాత్రం వాడి వైపే పడింది. మామునూరు దాటాక వాడు నా వైపు తిరిగాడు.

"అక్కా, తీసే దినం లేని మాల ఉంటదా?"

"ఉంటది," అన్నాను. వాడి చెయ్యి పట్టుకున్నాను. ఆ మాట మొదటి మాల తీసేనాడే అడిగి ఉంటే, మా ఇద్దరికీ ఈ బస్సెక్కే పనే ఉండేది కాదు.