తెల్లమూత సీసా

మట్టల ఆదివారం మరునాడు, సోమవారం, పొద్దున ఆరున్నర. మదనపల్లెలో నేను పనిచేసిన ఆస్పత్రి వంటింట్లో, స్టీలు సింకు దగ్గర జరిగింది ఇది. పదకొండేళ్లయింది. అప్పటికి నేను అక్కడ హెడ్ కుక్‌ని. కుప్పంలో ఒక హాస్టల్లో గిన్నెలు తోమే హెల్పరుగా మొదలుపెట్టి ఆ మెట్టు ఎక్కాను. వంటింట్లో ఏది పాడైనా జవాబు చెప్పాల్సింది హెడ్ కుక్.

ఆ రోజు ఏడు గంటలకు మేట్రన్ తనిఖీ. నర్సులకూ వంటింటికీ ఆమే పెద్ద. మా హెల్పరు రాజమ్మను పర్మనెంటు చేయాలా వద్దా అన్నది ఆ పూట పని చూసి తేలుస్తారు. రాజమ్మ పుంగనూరు నుంచి రోజూ మొదటి బస్సుకు వచ్చేది. మూడేళ్లుగా టెంపరరీ. ఆమెను పనిలో పెట్టించింది నేనే.

సింకు సంగతి చెప్పాలి. మా బోరు నీళ్లు స్టీలు మీద ఆరితే సున్నం కొట్టినట్టు తెల్లపొర కడుతుంది. దాని మీద టీ మరక పట్టుకుంటుంది. స్టీలులో సన్నటి గీతలుంటాయి. వాటి వెంబడే రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీరుకుపోతుంది. టీ మరకకు వంటసోడా ముద్ద. దాన్ని కడిగేశాక తెల్లపొరకు వెనిగర్‌లో తడిపిన గుడ్డ. ఆఖరున పొడిగుడ్డ. ఇంతే పని, ఓపిక కావాలి. ఆ పొద్దు నాకు అది లేదు. తొందరగా పోతుందని బ్లీచింగ్ నీళ్లు నిలబెట్టించాను. మరక పోయింది, పొర పోలేదు.

"ఈ సింకు మా ఆయన మొగం మాదిరి ఉండాదక్కా. ఎంత తోమినా అదే కళ," అంది రాజమ్మ.

"మీ ఆయన్ని ఇంటికి పోయి తోముదువులే. టైం అయితాండాది."

"బ్లీచింగ్ నీళ్లు వదిలేసి కడిగేదా?"

"టైం యాడుండాది? ఇది పొయ్," అని వెనిగర్ సీసా అందించాను.

మా వంటింట్లో సీసాలను మూతల రంగును బట్టి గుర్తుపట్టేవాళ్లం. తెల్లమూత వెనిగర్. ఎర్రమూత కాలవ కడిగే ఆసిడ్. రాజమ్మకు చదువు రాదు, నాకూ రాదు. సంతకం మాత్రం బొమ్మ గీసినట్టు గీసేదాన్ని కాబట్టి ఆఫీసులో ఎవరికీ తెలియదు. అంతకు ముందు శనివారం స్టోరు గుమాస్తా వెంకటప్ప సీసాలన్నీ కొత్తగా నింపి, పేర్లు రాసి అంటించాడు. దొరికిన మూత దొరికినట్టు పెట్టాడు. "పేర్లు రాసినానమ్మా, ఇంక మూతల్తో పన్లేదు, సదువుకోండి," అన్నాడు. సరేలేప్పా అన్నాను. చదవడం రాదని చెప్పడానికి నోరు రాలేదు.

తెల్లమూత సీసాలో ఉన్నది ఆసిడ్. బ్లీచింగ్ నీళ్లలో పడగానే పచ్చటి పొగ లేచింది. రాజమ్మ సింకు మీదికి వంగి ఉంది. ఒక్క దగ్గుకే కూలబడింది. పక్క గదిలోంచి వెంకటప్ప పరుగెత్తుకొచ్చి ఆమెను వరండాలోకి లాగాడు. నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నిలబడిపోయాను.

మూడో రోజు విచారణ. ఎవరు కలిపారని మేట్రన్ వార్డులో రాజమ్మ మంచం పక్కన నిలబడి అడిగింది. రాజమ్మ నా వైపు చూసింది. "నేనే తీసి పోసినా మేడం. అక్క అప్పుడు ఆడ లేదు," అంది. నన్ను అక్కడ చూసినవాడు వెంకటప్ప. మూతలు మార్చినవాడూ అతనే. విచారణ కాగితం అతనే రాశాడు, నేను కింద నా సంతకం బొమ్మ గీశాను.

రాజమ్మ పని పోయింది. ఊపిరి పాడై సొంత పొయ్యి దగ్గర కూడా కూర్చోలేకపోయింది. నేను పుంగనూరు పోయినప్పుడల్లా అరుగు మీదే ఉండేది. "సింకు ఎట్లుండాదక్కా?" అని ఒకసారి అడిగింది. నల్లచుక్కలు పడినాయి, ఏం చేసినా పోవు అని చెప్పాను. "అయితే మా ఆయనే మేలు," అని నవ్వబోయి దగ్గింది. నాలుగో ఏడు చనిపోయింది.

ప్రమాదం జరిగిన ఏడే ఒక నర్సు దగ్గర అక్షరాలు మొదలుపెట్టాను. అప్పటికి నాకు యాభై రెండేళ్లు. రిటైరయ్యే నెలలో ఆఫీసులో ఆ కాగితం అడిగి కూడబలుక్కుని చదివాను. నాలుగు వాక్యాలకు సగం పూట పట్టింది. 'ఆ సమయమున సింకు వద్ద రాజమ్మ ఒక్కతే ఉండెను' అని ఉంది. మేట్రన్ దగ్గరికి పోయి ఉన్నది చెప్పాను. ఆమె విని, "ఇప్పుడెందుకమ్మా," అంది.

వంటింట్లో పనిచేసేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. ఒకటి పోసిన చోట, కడగకుండా రెండోది పోయకూడదు. లోపల ఏముందో తెలియని సీసా ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు. చదవడం రాకపోతే రాదని ఆ పూటే చెప్పాలి.

కాగితంలో రాసింది తప్పు. ఆ పొద్దు అక్కడ ఉన్నది ముగ్గురు. సింకు మీదికి వంగిన రాజమ్మ. ఆమెను బయటికి లాగిన వెంకటప్ప. సీసా అందించిన మార్తమ్మ, అంటే నేను.