సారు మెచ్చిన వాక్యం

మా ఇంగ్లీషు సారు పోయారు. మదనపల్లెలో కూతురింట్లో రాత్రి పడుకున్న మనిషి తెల్లారి లేవలేదట. సొంతూరు కుప్పం తీసుకుపోతున్నారని ఫోనొస్తే పాఠం మధ్యలో ఆపి బయలుదేరాను. నేనూ ఇప్పుడు కాలేజీలో ఇంగ్లీషే చెబుతున్నాను. అది ఆయన పెట్టిన భిక్షే. కోపం మాత్రం పోలేదు.

తొంభైల్లో పుంగనూరులో ఆయన తరగతిలో ఏది అడగాలన్నా ముందు బోర్డు మీద ఇంగ్లీషులో రాయాలి. మన ఇళ్లలో నీళ్లయినా ‘కావాల’, సినిమా అయినా ‘కావాల’ అనే అంటాం. ఆయన దగ్గర ఆ పప్పులుడకవు. "కోరికైతే వాంట్, అవసరమైతే నీడ్. కోరిక ఆగతాది, అవసరం ఆగదు" అనేవారు. బాత్రూముకు పోవడానికి ‘ఐ వాంట్’ అని రాసినవాణ్ణి, "అంత మోజైతే బెల్లు కొట్టేదాకా మోజుపడు" అని నిలబెట్టారు. వాడి నిక్కరు తడిసింది. సారు నవ్వారు.

ఒకరోజు మా ఊరు చౌడేపల్లె నుంచి మా చిన్నాయన ఆయాసపడుతూ వచ్చాడు.

"సార్, వాళ్ల నాయనకు పానం పోయేట్టుండాది, ఈ పాప కోసమే కండ్లు తెరిసి సూస్తాండాడు. బిన్నా పంపించప్పా, బస్సు కదిలేట్టుండాది."

"పంపిస్తా. రాసి పొమ్మను."

‘ఐ వాంట్ టు గో హోమ్’ అని రాశాను. "ఇంటికి పోవాలని ఈడ అందరికీ ఉండాది" అని చెరిపేశారు. వాంట్ తీసేసి నీడ్ పెట్టాను. "అవసరం ఎవరికి? నీకా, మీ నాయనకా?" నా చేతిలో సుద్దముక్క విరిగింది. బయట బస్సు హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయింది. చివరికి ‘మై ఫాదర్ నీడ్స్ మీ’ అని రాస్తే, పక్కన రైటు కొట్టి పొమ్మన్నారు. పాలవ్యాను పట్టుకుని ఇల్లు చేరేసరికి నాన్నను బయట పడుకోబెట్టి ఉన్నారు. బస్సు తప్పిపోయిందని మాత్రమే అమ్మకు చెప్పాం.

ఆ తర్వాత ప్రతి ఏడూ సారు పిల్లలకు ఆ వాక్యమే ఉదాహరణగా చెప్పారు. కొన్నేళ్లకు మా తమ్ముడూ ఆ తరగతికి వెళ్లాడు. ఓ సాయంత్రం అమ్మ సంగటి కెలుకుతుంటే, ఆ వాక్యాన్ని ఇంగ్లీషులోనే గర్వంగా అప్పజెప్పాడు.

"నాయన పోయిన దినం అక్క రాసిందంటమ్మా. సారు చెరిపి చెరిపి రాపించినాడంట. బస్సు పోతాన్నా ఇడవలేదంట!"

"అంటే ఏందిరా?"

"నాయనకు నేను కావాల అని."

అమ్మ నావైపు తిరిగింది.

"ఈ మాట రాసేదానికేనా పాపా, ఆ పొద్దు అంతసేపయింది?"

సంగటి అడుగంటుతున్న వాసన ఇల్లంతా నిండింది. అమ్మ తెడ్డు పట్టుకుని అలాగే చూస్తూ ఉంది.