నేను పట్టిన పానా

నా భర్త కుడిచేయి విరగ్గొట్టింది నేనే. కోరుట్లలో ఒక మెకానిక్ షెడ్డులో, పట్టపగలు, పదిమంది చూస్తుండగా, చక్రాల బోల్టులు విప్పే పానాతో కొట్టాను. జరిగి రెండేళ్లు దాటింది. మా ఊళ్లో ఇప్పటికీ ఆ సంగతి తలా ఒక రకంగా చెప్పుకుంటారు. జరిగింది మాత్రం ఇది.

మాది మల్లాపూర్ మండలం, ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీకి దగ్గరి ఊరు. పసుపు, మక్క, కొంచెం వరి. పెళ్లయిన ఏడాదికే ఆయన గల్ఫ్ వెళ్లి పద్నాలుగేళ్లు ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరుగా పనిచేశాడు. సెలవు మీద వచ్చినప్పుడల్లా ఆ ఇంటి బండి గురించే చెప్పేవాడు. జర్మనీ బండి. ఇంజన్ నడుస్తున్నదీ లేనిదీ చెవి పెడితే గాని తెలియదట. మీట నొక్కితే బండి మొత్తం జానెడు పైకి లేస్తుందట. కొలువు మానేసి వచ్చాక అచ్చంగా అలాంటిదే, నల్లది, హైదరాబాదులో పాతది కొన్నాడు. అప్పటికే రెండు లక్షల కిలోమీటర్లు తిరిగింది. కొత్తలో బంగళా ధర పలికిన బండి ఒక మంచి ట్రాక్టరు ధరకు ఎందుకు వస్తున్నదని ఆయన అడగలేదు. పెళ్లిళ్లకు, ఎయిర్‌పోర్టు కిరాయిలకు తిప్పుదామనుకున్నాడు.

ఆయనకు ఆ బండిని నడపడం వచ్చు. బాగు చేయడం రాదు. అక్కడ చెడిపోతే కంపెనీ మనుషులు వచ్చి తీసుకుపోయేవారట.

రెండు నెలలకే వెనక కుడివైపు కూలబడింది. కాలు విరిగిన బర్రెలా ఒక పక్కకు ఒరిగి వాకిట్లో నిలబడింది. ఆ బండికి కమాన్లు ఉండవు, గాలితో నిండే రబ్బరు సంచుల మీద నిలబడుతుంది. హైదరాబాదులో పెద్ద సర్వీస్ సెంటరుకు మోసుకుపోతే నాలుగు సంచులూ, గాలి నింపే మోటారూ అన్నీ కొత్తవి వేయాలన్నారు. ఖర్చు రాసిచ్చిన కాగితం చూసి ఆయన కౌంటరు అద్దం మీద గుద్దాడు. అద్దం పగిలి వేళ్ల కణుపులు తెగాయి. కావలివాళ్లు మెడపట్టి బయటకు తోశారు. కట్టు కట్టుకుని ఇంటికి వచ్చాడు. తిన్నావా అని అడిగాను. ఆ కట్టుచేత్తోనే నన్ను కొట్టాడు. నా రవిక మీద పడిన రక్తం ఆయనదో నాదో ఉతికేటప్పుడు తెలియలేదు.

అది మొదటిసారి కాదు. కానీ బండి వచ్చాక దానికొక వరస ఏర్పడింది. మీటర్ల మధ్య పసుపు దీపం వెలిగితే బండికి ఏదో అయిందని అర్థం. ఆయన బండి లోపల పెడుతుంటే నేను కిటికీలోంచి ఆ దీపం కోసం చూసేదాన్ని. అది కనబడితే పదో తరగతి చదివే మా బిడ్డను పుస్తకాలతో సహా పక్కింటికి పంపేసి, తలుపు దగ్గరికి వేసి, చేతుల గాజులు తీసి పెట్టేదాన్ని. గాజు పెంకులు గుచ్చుకుంటే మానడానికి చాలా రోజులు పడుతుంది.

కోరుట్ల మిస్త్రీ గురించి ఎవరో చెబితే ఆయన దగ్గరికి పోయాం. అరవై దాటిన ముసల్మాన్. నేను చాచా అనేదాన్ని. బతుకంతా జీపులు, ట్రాక్టర్లు బాగుచేసినవాడు, ఈ మధ్యే బండి కంప్యూటర్‌కు తగిలించి తప్పులు చదివే పెట్టె ఒకటి కొన్నాడు. అయితే ఆ రోజు పెట్టె తీయలేదు. బకెట్లో సబ్బునీళ్లు కలిపి నాలుగు రబ్బరు సంచుల మీదా చల్లాడు. మూడింటి మీద నీళ్లు జారిపోయాయి. నాలుగోదాని మడతలో బుడగలు లేచాయి.

"గిదొక్కటే పగిలింది. గిదొక్కటే మారుద్దాం" అన్నాడు.

అదీ ఆయన పద్ధతి. పాత బండిని తక్కువలో నడపాలంటే చెడిందేదో ముందు తెలుసుకోవాలి, అదొక్కటే మార్చాలి అనేవాడు. ఇంజన్ ఆయిల్ కంపెనీ చెప్పిన దూరంలో సగానికే మార్చేవాడు. గేర్‌బాక్సు ఆయిల్ బతుకంతా మార్చనక్కర్లేదని పుస్తకంలో రాసి ఉందని నా భర్త అంటే, "ఎవని బతుకు సాబ్? కొత్తగ కొన్నోని బతుకా, నీ బతుకా?" అని నవ్వాడు. ఒక మాట మాత్రం నవ్వకుండా చెప్పాడు. ఇంజన్ వెనక కూలెంట్ పోయే ప్లాస్టిక్ పైపు ఒకటి ఉంది, వేడికి పెళుసెక్కింది, పగిలేలోపే మార్చాలి. నా భర్త వద్దన్నాడు.

నాలుగు నెలల తర్వాత, నడి ఎండాకాలంలో, ధర్మపురిలో పెళ్లి కిరాయి దొరికింది. పెళ్లయ్యాక కొత్త జంటను కూర్చోబెట్టుకుని జగిత్యాలకు వస్తుండగా దారిలో బండి ముందునుంచి తెల్లటి ఆవిరి ఎగదన్నింది. ఆయన ఇంజన్ మీది మూత తెరిచి తొంగిచూసేసరికి మరుగుతున్న నీళ్లు చిమ్మి మెడ మీద, చెంప మీద పడ్డాయి. పెళ్లికూతురు కేకలు వేస్తూ చీర కుచ్చిళ్లు పట్టుకుని రోడ్డు మీదికి పరిగెత్తిందట. వెనక బండ్లలోంచి దిగిన పెళ్లివాళ్లు అపశకునం చేశావని ఆయన చుట్టూ మూగారు. ఒకడు చెంప మీద కొట్టాడు. నీళ్లు పడి పొక్కిన చెంప మీదే. ఆయన తిరిగి చెయ్యెత్తలేదు. పదిమంది మధ్య తలొంచుకుని నిలబడ్డాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

బండిని కోరుట్లకు లాక్కొచ్చారు. మర్నాడు పొద్దున చాచా నాకు ఫోన్ చేశాడు. "బిడ్డా, నువ్వు గూడ రా. ఆయన కండ్లు మంచిగ లేవు" అన్నాడు. బస్సెక్కి నేను చేరేసరికి పైపు ముక్కలు ఒక రేకు మీద పరిచి ఉన్నాయి. వేళ్లతో నొక్కితే అటుకుల్లా చితుకుతున్నాయి.

"నాలుగు నెల్ల కిందనే జెప్పిన గద సాబ్, గీ పైపు మార్చుమని" అన్నాడు చాచా. "నడుస్తున్నదాన్ని ఎందుకు ఇప్పుతవ్ అన్నవ్. జర్రంత మాట ఇంటె గిట్ల కాకపోవు."

నిజమే చెప్పాడు. నా ముందు చెప్పాడు. అది నా భర్తకు పడలేదు. జాకీ రాడ్డు అందుకున్నాడు. మొదట బండి మీద పడ్డాడు. ఎడమ లైటు పగిలింది, ముందు అద్దం పగిలింది. మూత మీద కొట్టిన ప్రతి దెబ్బకూ ఇనుప రేకు లోపలికి కుంగి, నల్ల రంగు పెచ్చులుగా లేచింది. పక్క దుకాణాలవాళ్లు వచ్చి నిలబడ్డారు, దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు. "మాదర్‌చోద్ బండి" అని అరుస్తూ కొడుతున్నాడు. "ఆపు సాబ్, నీ బండే గది, నీ సొమ్మే గది" అని చాచా చెయ్యి పట్టుకోబోయాడు. ఆయన గిరుక్కున తిరిగి రాడ్డుతో చాచా భుజం మీద కొట్టాడు. ముసలాయన మోకాళ్ల మీద కూలిపోయాడు. టోపీ ఎగిరి నల్లటి ఆయిల్లో పడింది. రాడ్డు మళ్లీ లేచింది. ఈసారి తలకు గురిపెట్టి లేచింది.

నా కాళ్ల దగ్గర వీల్ పానా ఉంది. వంగి తీసుకోవడం నాకు గుర్తులేదు. దాని బరువు గుర్తుంది. ఆయన ముంజేతి మీద కొట్టాను. రాడ్డు చేతిలోంచి జారి కింద పడింది.

అక్కడితో ఆగాల్సింది. రాడ్డు కింద పడింది, చాచా తల మిగిలింది, ఆయన నావైపు తిరిగి నోరు తెరిచి చూస్తున్నాడు. చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. ఆ చేతినే చూస్తూ రెండోసారి కొట్టాను. ఎండుకట్టె విరిగిన చప్పుడైంది. విరిగింది ఆ రెండో దెబ్బకే. చాచా కోసం కొట్టింది మొదటిదొక్కటే.

ఆటోలో జగిత్యాల ఆసుపత్రికి తీసుకుపోయాను. దారి పొడుగునా ఆయన చెయ్యి నా ఒడిలోనే ఉంది. గతుకు వచ్చినప్పుడల్లా పళ్లు కొరికాడు. చెయ్యి పట్టి చూస్తూ డాక్టరు ఎట్లా జరిగిందని అడిగాడు.

"జాకీ జారింది సార్" అన్నాడు ఆయన.

"జాకీ జారలే. నేనే కొట్టిన" అన్నాను.

డాక్టరు నన్ను చూశాడు. నా కనుబొమ్మ మీది పాత కుట్లను కూడా చూశాడు. రాసుకున్నాడు. కాసేపటికి ఒక కానిస్టేబుల్ వచ్చి కాగితం తీశాడు. నా భర్త గోడవైపు తిరిగి, "కేస్ గీస్ ఏం లేదు. మా ఇంట్ల సంగతి" అన్నాడు. "నువ్వేమన్న దరఖాస్తు ఇస్తవా అమ్మా?" అని కానిస్టేబుల్ నన్నడిగాడు. లేదన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు.

చాచా కూడా కేసు పెట్టలేదు. నాలుగో రోజు చూడడానికి పోతే భుజానికి పట్టీతో కూర్చుని ఉన్నాడు. క్షమించమని కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగాడు.

"బండి జేస్త. కని ఆయన నా షెడ్డుల అడుగు పెట్టద్దు. ఏం గావాలన్నా నువ్వే రావాలె, నువ్వే అడగాలె, నువ్వే పట్టాలె. నాకు ఒక్క చెయ్యే ఉన్నది ఇప్పుడు."

అలా ఆ పని నా మీద పడింది. ఆ పైపు కొత్తది తెప్పించినా మళ్లీ ప్లాస్టిక్కే, కొన్నేళ్లకు మళ్లీ అదే గతి అన్నాడు చాచా. ముక్కలన్నీ డబ్బాలో వేసి, సిరిసిల్లలో సాంచాల సామాను చేసే లేత్‌మిషన్ ఆయన దగ్గరికి నన్ను పంపాడు. చందుర్తి మీదుగా బస్సులో పోయాను. బట్టనేసే సాంచాలు చుట్టూ దడదడలాడుతుంటే ఆ గల్లీలో మనిషి మాట మనిషికి వినబడదు. లేత్ ఆయన ముక్కల్ని అతికించి చూస్తూ, "గిది ఏ సాంచది అక్కా?" అని అరిచాడు.

"సాంచది కాదే, కారుది!" నేనూ అరిచాను.

"కారుదా! ఎవరు బిగిస్తరు?"

"నేనే!"

ఎందుకలా అన్నానో తెలియదు. అప్పటికి నేను నట్టు కూడా విప్పలేదు. ఆయన నవ్వలేదు. ప్రతి మూలా కొలిచి, ఇత్తడి కడ్డీ బిగించి, సాయంత్రానికి అదే కొలతలో పైపు చేసి ఇచ్చాడు. చేతిలో పెట్టినప్పుడు ఇంకా వేడిగా ఉంది.

దాన్ని బిగించింది నేనే. చాచా స్టూలు మీద కూర్చుని చెప్పాడు, ఇంజన్ వెనక సందులోకి నా చెయ్యి దూరింది, ఆయనది దూరదు. మోచేతి దాకా చర్మం గీరుకుపోయింది. తర్వాత లోపల గాలి మిగలకుండా హీటరు పూర్తి వేడిలో పెట్టి, చిన్న స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా కూలెంట్ పోయించాడు. లైటు, ముందు అద్దం హైదరాబాదు తుక్కు బజారు నుంచి బస్సు పార్సిల్లో వచ్చాయి, పాతవే. సొట్టలు రేకు పనాయన సుత్తితో సరిచేశాడు. నల్ల రంగు కలవలేదు. వెలుతురులో చూస్తే ఎక్కడెక్కడ కొట్టాడో ఇప్పటికీ తెలుస్తుంది.

బండి కిరాయికి పోవాలి గనక, ఆయన చెయ్యి కట్టులో ఉంది గనక, నడపడం కూడా నేర్చుకున్నాను. ఒకరోజు వాకిట్లో నేను ఇంజన్ స్టార్టు చేసిన చప్పుడు విని ఆయన బయటికొచ్చాడు. తలుపు లాగి, ఎడమచేత్తో నా చెంప మీద కొట్టాడు. నేను దిగాను. ఎదురుగా నిలబడి, అంతే బలంగా ఆయన చెంప మీద కొట్టాను. మా బిడ్డ అరుగు మీద నిలబడి చూసింది. పరిగెత్తి పక్కింటికి పోలేదు. దాని ముఖంలో సంతోషం కనబడింది, అది చూసి నాకు సిగ్గేసింది. నా లోపలా అదే సంతోషం ఉంది.

ఆ మర్నాడు అన్నం కలిపి తినిపిస్తుంటే ఆయన ఉన్నట్టుండి చెప్పాడు. "అక్కడ, బండికి గీత వడ్డదని షేక్ నన్ను చెప్పుతోని కొట్టిండు. పిల్లగాండ్ల ముందట. పద్నాలుగేండ్లల ఎన్నిసార్లో లెక్క లేదు." నేను ముద్ద చేతిలో పట్టుకునే విన్నాను. జాలి పడ్డాను. ఆ జాలితో పాత దెబ్బలేవీ మాయం కాలేదు. "మరి నేనేం గీత వెట్టిన?" అని అడిగాను. 

ఇప్పుడు బండి మూడు లక్షల కిలోమీటర్లు దాటింది. విరిగిన చెయ్యి అతుక్కుంది గాని మణికట్టు పూర్తిగా తిరగదు. స్టీరింగ్ పట్టగలడు, పానా బిగించలేడు. ఆయన నడుపుతాడు, నేను చూసుకుంటాను. ఆయిల్ మార్చడం, బెల్టు మీద పగుళ్లు వెతకడం, సబ్బునీళ్లతో గాలి పోతున్నచోటు పట్టడం నా పనులు. నన్ను కొట్టడం ఆగిపోయింది. ఆయన మంచివాడైపోయాడని నేను చెప్పను. నేను పానా తీసుకుని పక్కనుంచి పోతే ఆయన భుజం కొంచెం ముడుచుకుంటుంది. అది చూస్తే నాకు బాగుంటుంది. అలా బాగుండడం నాకు నచ్చదు.

చాచా భుజం మానలేదు, ఎడమచెయ్యి తలదాకా లేవదు. నమాజుకు టోపీ ఒంటిచేత్తోనే పెట్టుకుంటాడు. మేం పోయినప్పుడు నా భర్త రోడ్డుకు అవతల చాయ్ హోటల్లోనే కూర్చుంటాడు. పోయిన నెల మొదటిసారి, "తప్పయిందన్నడని చెప్పు" అని నాతో అన్నాడు. పోయి చెప్పాను. చాచా ఇంకో బండి గేర్‌బాక్సు కింద ఆయిల్ పళ్లెం సర్దుతున్నాడు.

"నోరు ఆయనకు గూడ ఉన్నది గద బిడ్డా. రోడ్డు దాటి అచ్చి చెప్పుమను" అన్నాడు.

తిరిగి వచ్చి ఆ మాట చెప్పాను. ఆయన చాయ్ తాగడం ఆపి రోడ్డు వైపు చాలాసేపు చూశాడు. లారీలు పోయాయి, ఆటోలు పోయాయి, ఒక దశలో రోడ్డు ఖాళీగా కూడా ఉంది. ఆయన లేవలేదు. నేను చేతులు కడుక్కుని, ఆయన ముందున్న బండి తాళం తీసుకున్నాను.