అర్థమైందన్న సంతకం

ఆ ఆరు వీధుల్లో అందరికీ ఆమె ఇస్త్రీ వదినే. తాతల వయసువాళ్లకీ వదినే, బడిపిల్లలకీ వదినే. మెట్ల కింద ఇరుకు జాగా, ఒక బల్ల, దాని మీద నాలుగు మడతల దుప్పటి, బరువైన ఇస్త్రీపెట్టె. అదీ ఆమె రాజ్యం. చొక్కా చేతికొస్తే చాలు, ఎడమ చేతి మీదే సిరా మరక ఎందుకుంది, ఈయన పంట్లాం ఒక్క మోకాలి దగ్గరే ఎందుకు అరుగుతుంది అని ఆరా మొదలు. చిన్నప్పుడు ఈ "ఎందుకు"లకే ఇంట్లో వీపు విమానం మోత మోగేది. పెద్దయ్యాక ఆ అడగడమే ఆమె పదవి అయింది.

సంగతేమిటంటే, ఆ వీధుల మంచిచెడ్డలు చూసుకునేది అక్కడి జనమే. గోడౌను పైనున్న హాల్లో నెలకోసారి సభ. జెండాలూ ఊరేగింపులూ లేవు. పెద్దవాళ్లందరి పేర్లూ రాసిన చీట్లు ఒక రేకు డబ్బాలో ఉంటాయి. ఏడాదికోసారి కుదిపి తీస్తారు. నీళ్లకొక కమిటీ, దీపాలకొకటి, రోడ్లకొకటి, ఇరుగుపొరుగు తగవులకొకటి. తగవుల కమిటీలో చీటీ తగిలినవాళ్లకు ఆ ఏడాదంతా దూరపు చుట్టాల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుందని ఒక వేళాకోళం. సభాధ్యక్షుడిదీ చీటీయే. ఈసారి అది సెలూన్ నడిపే ఆయనకు తగిలింది.

ప్రతి కమిటీలో ఆరుగురు పని చేస్తారు. ఏడో మనిషి పని అడగడమే. ఆ విషయం బొత్తిగా తెలియని మనిషే ఏడో కుర్చీలో కూర్చోవాలి. అర్థమయ్యేదాకా అడగాలి. అయ్యాక కాగితం కింద "అర్థమైంది" అని రాసి సంతకం పెట్టాలి. అది పడనిదే గునపం కదలదు. ఒకప్పుడు మురుగుకాలువను పల్లం నుంచి మెరకకు తవ్వేశారట. అందరూ తెలిసినవాళ్లే గనక ఒక్కరూ అడగలేదట. అప్పటినుంచీ ఈ ఏడో కుర్చీ.

ఈసారి నీళ్ల కమిటీలో ఆ కుర్చీ చీటీ వదినకు తగిలింది. ఆమె సంబరం అంతా ఇంతా కాదు. వాల్వు ఎటు తిప్పితే మూసుకుంటుంది? తుప్పు పైపు లోపల ముందు పడుతుందా, బయటా? నాలుగు నెలలు కమిటీ ప్రాణం తోడేసింది. పుట్టి బుద్ధెరిగాక, అడిగినందుకు ఎవరూ కసురుకోని చోటు అదొక్కటే.

అయిదో నెలలో పైపుల మేస్త్రీ కొత్త పథకం తెచ్చాడు. మేడల మీదికి నీళ్లు ఎక్కడం లేదు కాబట్టి, పొద్దున మొదటి మూడు వీధులకు, సాయంత్రం మిగతా మూడింటికి వదలాలి. అన్ని వీధులూ ఒకేసారి లాక్కోవు గనక నీళ్లకు జోరు పెరుగుతుంది. పటం పరిచి చూపించాడు. వదిన పదకొండు ప్రశ్నలు అడిగింది. పన్నెండోదానికి నోరు తెరిచేసరికి కమిటీలోని కూరగాయల కొట్టాయన గడియారం చూసి నిట్టూర్చాడు.

"ఇంకా ఎక్కలేదా వదినా? చంటిపిల్లకి చెప్పినట్టు చెప్పారు కదా!"

అందరూ నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు, ఆకలేసిన వాళ్ల నవ్వు. అయినా ఆమెకు తల కొట్టేసినట్టయింది. కలం అందుకుని "అర్థమైంది" అని రాసి సంతకం పెట్టేసింది.

మర్నాడు బట్టల మీద నీళ్లు చిలకరిస్తుంటే ఆ పన్నెండో ప్రశ్న వచ్చి కూర్చుంది. తడివేలితో బల్ల అంచున ఆరు గీతలు గీసింది. పటంలో ఆరో వీధి పైపు మూడో వీధి పైపులోంచే కదా చీలింది? సాయంత్రం మూడోది మూసేస్తే, ఆరోదానికి నీళ్లు ఎటునుంచి వస్తాయి? పొద్దున మూడోది తెరిచినా ఆరోది మూసే ఉంటుంది. చెరిపి మళ్లీ గీసింది. ఆరోదానికి మళ్లీ నీళ్లు రాలేదు.

అప్పుడే ఆమె అక్క బట్టల మూటతో వచ్చింది. ఆరో వీధిలో మూడో అంతస్తు, మోకాళ్లు రెండూ మొరాయించిన మనిషి.

"సోమవారం నుంచి పైకి నీళ్లెక్కుతాయంటగదే! బకెట్లు మోసే బాధ తప్పింది. నువ్వు సంతకం పెట్టావంటే ఇంక చూసుకోనక్కర్లేదు."

వదిన బల్ల మీది గీతల్ని కొంగుతో తుడిచేసింది.

భర్త బేకరీ పని నుంచి రాగానే చెప్పుకుంది.

"ముప్పై ఏళ్ల మేస్త్రీకి తెలీదంటావా? అయినా మాట వెనక్కి తీసుకుంటే ఏమవుతుందో తెలుసుగా?" అన్నాడతను.

తెలుసు. సంతకం పడ్డ కాగితాన్ని నిండు సభే తిరగదోడాలి. అర్థం కాకుండా సంతకం పెట్టానని అక్కడ ఒప్పుకున్న మనిషి చీటీని డబ్బాలోంచి తీసేస్తారు. ఇక జన్మలో ఏ కుర్చీ రాదు. అందుకేనేమో, ఇప్పటిదాకా ఒక్కరూ ఒప్పుకోలేదు. ఆ కుర్చీ పోతుందన్న తలపుకే ఆమెకు ఏడుపొచ్చింది. మొగుడి ముందే భోరుమంది.

ఆదివారం సభలో లేచి నిలబడింది.

"నేను అబద్ధం సంతకం పెట్టానండీ. నాకు అర్థం కాలేదు" అని, ఆ పన్నెండో ప్రశ్న అడిగేసింది.

మేస్త్రీ పటం వైపు చూశాడు. ఆరో వీధి గీత మీద వేలుపెట్టి, అది చీలిన చోటుదాకా వెనక్కి జరిపాడు.

"రావు" అన్నాడు చివరికి. "ఆరో వీధికి నీళ్లు రావు. అక్కడ నాక్కూడా ఏదో తేడా కొట్టింది. కానీ అంత అడిగిన మనిషే అర్థమైందని రాసేసరికి, నాదే చాదస్తం అనుకున్నా."

ఆరో వీధికి వేరే పైపు వేశాకే పథకం అని రాసుకున్నారు. పని అయిపోయినట్టే, ఒక్కటి మిగిలింది. సెలూనాయన నియమాల పుస్తకం తెరిచి చదివాడు. డబ్బాలో వెతికి ఆమె చీటీ బయటికి తీశాడు. రోజుకు పాతిక గడ్డాలు గీసే ఆ చేతులతో, పాపం, దాన్ని చించబోయాడు.

"ఒక్కటి అడగొచ్చా?" అంది వదిన.

"అడుగమ్మా. ఇది చించేదాకా ఏడో కుర్చీ నీదే."

"తప్పు ఒప్పుకున్నవాళ్ల చీటీ తీసేస్తున్నారు. ఒప్పుకోనివాళ్లది లోపలే ఉంటుంది. మరి కొన్నాళ్లకి డబ్బాలో మిగిలేది ఎవరండీ? నాకిది అర్థం కావట్లేదు."

సెలూనాయన పుస్తకం మళ్లీ చదివాడు. పేజీ వెనక్కి తిప్పి చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఈ నియమం అర్థమైనవాళ్లు చేతులెత్తండి" అన్నాడు సభతో.

మేస్త్రీ ఎత్తలేదు. కూరగాయల కొట్టాయన తన చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు. హాలంతా కలయజూసినా ఒక్క చెయ్యీ లేవలేదు.

సెలూనాయన ఆమె చీటీని మడిచి మళ్లీ డబ్బాలో వేశాడు.